డోర్నకల్ బిషప్ అజరయ్య గారు

మన బడి పిల్లలు తెలుసుకోదగ్గ ఒక పెద్దమనిషి జీవితం గురించి రాసివ్వమని సావనీర్ కమిటీ వారు ఫోన్ చేశారు. నేను సివిల్ ఇంజనీరును కాబట్టి విశ్వేశ్వరయ్య గారి గురించో, కె.ఎల్. రావు గారి గురించో రాస్తానని అనుకుని ఉంటారు. వాళ్ళ గురించి రాయగలిగినవాళ్ళు మన సంఘంలోనే పదిమంది ఉన్నారు. నేను మాత్రం మన హాస్టల్ భోజనాల గదిలో గడియారం కింద వేలాడుతుండిన ఫోటోలోని మనిషి గురించి రాస్తాను. మెడలో శిలువ వేసుకున్న నల్లటి మనిషి. ఫోటో కింద పేరు వెలిసిపోయి సగమే కనబడేది. ఆరేళ్ళు ఆ ఫోటో ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాను గాని, ఆయనెవరని ఒక్కసారి కూడా అడగలేదు.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి కాను. హాస్టల్లో చేరిన కొత్తలో సాయంత్రం ప్రార్థనలో వినబడే మాటల్లో సగం అర్థమయ్యేవి కావు. అందులో ఒకటి సమాధానం. మనకు సమాధానమంటే ప్రశ్నకు చెప్పే జవాబు. ప్రార్థనలో మాత్రం ఎవరో ఎవరితోనో సమాధానపడాలని చెబుతుండేవారు. కొట్టుకున్న ఇద్దరు కుర్రాళ్ళను మన వార్డెన్ గారు ఆ పూట పంక్తిలో పక్కపక్కన కూర్చోబెట్టేవారు గుర్తుందా? తిట్టేవారు కాదు, తప్పెవరిదని అడిగేవారు కాదు. ఒకడి సాంబారు గిన్నె రెండోవాడు అందించాలి, అంతే. తెలుగు సంఘాల భాషలో సమాధానమంటే శాంతి అనీ, సమాధానపడటమంటే విరోధం వదిలి మళ్ళీ కలవడమనీ నాకు తెలిసింది ఆ పంక్తిలోనే. ఫోటోలోని మనిషి బతుకంతా ఈ పని చుట్టూనే తిరిగిందని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874 ఆగస్టు 17న తమిళదేశంలో తిరునల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం ఊరి సంఘానికి గురువు. వారిది నాడార్ కులం. కల్లుగీతతో ముడిపెట్టి ఆ కులాన్ని ఆ రోజుల్లో గుళ్ళోకి రానిచ్చేవారు కాదు. థామస్ గారు చదువుకునే రోజుల్లో, మిషన్ బడిలో క్రైస్తవులయ్యారు. తల్లి ఎలెన్ ఆయనకు రెండో భార్య. పెళ్ళయిన పదమూడేళ్ళకు పుట్టిన బిడ్డ శామ్యూల్. 1889లో తండ్రి పోయాక తల్లే పెంచింది. మెయ్‌జ్ఞానపురంలోని బోర్డింగు బడిలో సవతి అన్న ఆంబ్రోస్ పెద్దగా ఉండేవాడు. ఆ బడిలో చదువుతూనే ఈ కుర్రవాడు, తోటివాళ్ళతో కలిసి, పిల్లల మధ్య కులభేదాలు తగ్గించడానికి ఒక సంఘం పెట్టాడు. క్రైస్తవ బోర్డింగులో కులమేమిటని అనుకోనక్కర్లేదు. మతం మారిన తరం కులాన్ని ట్రంకుపెట్టెలో పెట్టుకునే వచ్చింది. అజరయ్య గారి జీవితం గురించి చదివినప్పుడు నన్ను పట్టుకున్న మొదటి సంగతి ఇదే. పెద్దయ్యాక చేసిన పనికి శంకుస్థాపన హాస్టల్లో జరిగింది.

తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. గణితం చదివారు. సరిగ్గా పరీక్షల సమయానికి జబ్బు పడ్డారు. డిగ్రీ చేతికి రాలేదు, మళ్ళీ రాయనూ లేదు. ఆ తర్వాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, అది వేరే సంగతి. మన బ్యాచ్‌లో సప్లిమెంటరీలు రాసినవాళ్ళ ఊరట కోసం చెబుతున్నాను.

1895 నుంచి 1909 దాకా వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళి చేసుకున్నారు. చివరిదాకా ఆయన పనిలో ఆమెది సగం పాలు. తిరుగుతున్నకొద్దీ ఒక విషయం ఆయనను కుట్టడం మొదలెట్టింది. బోధించేది తెల్లవాళ్ళు, డబ్బు వాళ్ళది, నిర్ణయం వాళ్ళది. మనవాళ్ళు జీతానికి పనిచేసేవాళ్ళు. దీనికి ఉపన్యాసాలు కాకుండా ఒక ఏర్పాటు కావాలనుకున్నారు. 1903లో తిరునల్వేలి క్రైస్తవుల చందాలతో, వాళ్ళ మనుషులతోనే నడిచే ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆ సొసైటీ పని కోసం ఎంచుకున్న చోటు నైజాం రాజ్యపు తూర్పు మూల. మన డోర్నకల్. 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, తానే అక్కడికి వచ్చేశారు. అప్పటికి ఆయనకు తెలుగు రాదు. ముప్పై అయిదో ఏట ఓనమాలు దిద్దుకున్నారు.

మరుసటి ఏడు, 1910 జూన్‌లో, స్కాట్లాండులోని ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులు దాదాపు 1,200 మంది. ఆసియా ఖండం నుంచి వెళ్ళినవాళ్ళు ఇరవై మంది కూడా లేరు. అందులో అజరయ్య గారు ఒకరు. విదేశీ, స్వదేశీ పనివారి మధ్య సహకారం గురించి మాట్లాడమన్నారు. ఆయన లేచి, మిషనరీలు మన దేశానికి చేసిన త్యాగాలను ముందు ఒప్పుకున్నారు. ఇల్లూ ఊరూ వదిలి వచ్చారు, ప్రాణాలిచ్చారు, ఆ మేలు మరువలేనిదని చెప్పారు. ఆ తర్వాత, ఇన్నీ ఇచ్చిన మీరు స్నేహం ఒక్కటి ఇవ్వలేదని, ఆ సభలోనే, వాళ్ళ ముఖం మీదే చెప్పారు. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన భారతీయుణ్ణి తమ ఇంట్లో ఒక్క పూట భోజనానికి పిలవని మిషనరీలున్నారని చెప్పారు. సభలో కొందరికి కోపం వచ్చింది, కొందరు తల దించుకున్నారు. ఆ ప్రసంగం ఇప్పటికీ చరిత్ర పుస్తకాల్లో ఉంది.

ఆ ప్రసంగంలో నాకు గొప్పగా తోచింది ధైర్యం కాదు. ధైర్యంగా మాట్లాడి బల్ల చరిచి బయటికి వెళ్ళిపోయినవాళ్ళు లోకంలో ఎందరో. ఈయన చెప్పాల్సింది చెప్పి, మళ్ళీ వచ్చి తన కుర్చీలోనే కూర్చున్నారు. ఆ మనుషులతోనే మరో ముప్పై అయిదేళ్ళు పనిచేశారు. వెనకాల అనుకునే మాటను ఎదురుగా చెప్పడం, చెప్పాక వదిలి వెళ్ళకపోవడం, ఈ రెండూ కలిసి ఒకే మనిషిలో అరుదుగా కనబడతాయి. నాలో అయితే రెండూ లేవు. ఆ సంగతి చివర చెబుతాను.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథెడ్రల్లో ఆయనను డోర్నకల్ బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గట్టిగా నిలబడబట్టి ఆ పని జరిగింది. నల్లవాడి కింద తెల్లవాళ్ళు ఎలా పనిచేస్తారని మిషనరీల్లో చాలామంది అడ్డం పడ్డారు. మనవాళ్ళలోనూ ఓర్వలేనివాళ్ళు లేకపోలేదు. మొదట ఆయన డయాసిస్ చాలా చిన్నది. 1920ల మొదట్లో బందరు, ఏలూరు వైపున్న సి.ఎం.ఎస్. ప్రాంతాలను, రాయలసీమలోని ఎస్.పి.జి. ప్రాంతాలను కూడా దానిలో కలిపారు. అంటే అభ్యంతరం చెప్పిన వర్గం మిషనరీలే ఆయన చేతి కిందికి వచ్చారన్నమాట. పాత లెక్కలు తేల్చుకోవడానికి అంతకన్నా మంచి అదను దొరకదు. మన ఆఫీసుల్లో చూడండి, కొత్తగా ప్రమోషన్ వచ్చినవాడు మొదటి వారంలో పెట్టే ట్రాన్స్‌ఫర్ల జాబితా చదివితే వాడి పాత పగలన్నీ తెలిసిపోతాయి. అజరయ్య గారు అలాంటి జాబితా వేయలేదు. ఇంగ్లీషు గురువులూ తెలుగు గురువులూ ఒకే డయాసిస్‌లో, ఒకే బిషప్ కింద పనిచేశారు. ఆయన బతికున్నంత కాలం ఇండియాలో ఒక ఆంగ్లికన్ డయాసిస్‌ను సొంతంగా నడిపిన భారతీయుడు ఆయనొక్కరే.

అసలు కష్టం తెల్లవాళ్ళతో కాదు, ఊళ్ళల్లో. సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. పల్లె ఒక దిక్కున, గూడెం ఒక దిక్కున. ఊరు ఇద్దరినీ అంటరానివాళ్ళంది. వాళ్ళలో వాళ్ళు మళ్ళీ ఒకరి ఇంట ఒకరు తినరు, ఒకరి బావి ఒకరు ముట్టరు. ఇద్దరూ క్రైస్తవులైనా ఒక మందిరంలో కూర్చోమంటే తగువే. ఇక్కడ ఆంగ్లికన్ ఆరాధనలోని ఒక ఏర్పాటు గురించి చెప్పాలి. పరిశుద్ధ సంస్కారంలో ద్రాక్షారసం అందరికీ ఒకే గిన్నెలో ఇస్తారు. ఒకరి పెదవి తగిలిన గిన్నెనే పక్కవాడి పెదవికి అందిస్తారు. మంచినీళ్ళ చెంబు కూడా పైనుంచి పోసిన దేశంలో ఇది మాటలు కాదు. ఇంకో నియమం కూడా ఉంది. 1662 నాటి వాళ్ళ ప్రార్థన గ్రంథం ప్రకారం, ఇద్దరి మధ్య పగ ఉందని తెలిస్తే, వాళ్ళు సమాధానపడేదాకా గురువు వాళ్ళకు సంస్కారం ఇవ్వకూడదు. ఒకడు మనస్ఫూర్తిగా క్షమించడానికి సిద్ధపడి, రెండోవాడు మొండికేస్తే, సిద్ధపడినవాణ్ణి రానిచ్చి, మొండివాణ్ణి ఆపాలి. తప్పు ఎవడిదన్నది ఆ నియమంలో మొదటి ప్రశ్న కాదు. చదివినప్పుడు నాకు మన వార్డెన్ గారి పంక్తి గుర్తొచ్చింది. ఆయన దాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నారో అప్పుడు అర్థమైంది.

ఆ నియమాన్ని కాగితం మీద ఉంచడం సులువు, గూడెంలో నడిపించడం కష్టం. అజరయ్య గారు ఎద్దుబండి మీద ఊరూరా తిరిగేవారు. సంఘపు పెద్దల పంచాయతీలు ఉండేవి; అప్పు తగాదాలు, పెళ్ళి తగాదాలు, తాగుడు కొట్లాటలు అన్నీ అక్కడికి వచ్చేవి. బాప్తిస్మం తీసుకునేటప్పుడు ప్రతివాడి చేతా తన తల మీద తన చెయ్యి పెట్టించి, ఈ సువార్త నేను ఇతరులకు చెప్పకపోతే నాకు చేటని అనిపించేవారు. చదువు రాని కూలీకి కూడా బాధ్యత ఉందన్నమాట. 1935 నాటికి ఆ డయాసిస్‌లో 250 మంది భారతీయ గురువులు, 2,000 పైచిలుకు పల్లె ఉపాధ్యాయులు ఉన్నారు. క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. 1930లలో శూద్ర కులాల వాళ్ళు కూడా వేల సంఖ్యలో సంఘాల్లో చేరారు. తమ పొలాల్లో పనిచేసినవాళ్ళ బతుకులు మారడం చూసి వచ్చామన్నవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. వచ్చినవాళ్ళకు కూడా గిన్నె అదే. పక్కన మోకరించేది నిన్నటిదాకా పాలేరుగా ఉన్నవాడే.

అన్నిచోట్లా గెలిచారని చెప్పను. పల్లె, గూడెం తేడా సంఘాల్లో ఇప్పటికీ పూర్తిగా పోలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయన స్వభావం కూడా కాస్త కటువుగా, తండ్రి పెత్తనం లాగా ఉండేదని నా అభిప్రాయం. గాంధీ గారితో ఉన్న భేదం కూడా తీరలేదు. అంటరానివారి మతమార్పిడి విషయంలో 1930లలో ఇద్దరికీ పొసగలేదు. ఇద్దరూ కులం పోవాలన్నవాళ్ళే, దారి దగ్గర విడిపోయారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని బ్రిటిష్ ప్రభుత్వం అన్నప్పుడు మాత్రం, అవి మమ్మల్ని ఇరుగుపొరుగు నుంచి వేరు చేస్తాయని వద్దన్నవారిలో అజరయ్య గారు ముందున్నారు.

ఇక సంఘాల మధ్య గోడల సంగతి. తెలుగుదేశం మ్యాపు తీసుకుంటే, కడప, గుత్తి వైపు లండన్ మిషన్. మెదక్ వైపు వెస్లియన్ మెథడిస్టులు. డోర్నకల్, బందరు, ఏలూరు వైపు ఆంగ్లికన్లు. ఒంగోలు, నెల్లూరులో బాప్తిస్టులు. గుంటూరు, రాజమండ్రిలో లూథరన్లు. ఇంగ్లండులోనో, అమెరికాలోనో, జర్మనీలోనో ఎప్పుడో జరిగిన తగువుల పేర్లు ఇవన్నీ. ఖమ్మం పక్కన పల్లెటూరి రైతుకూలీకి ఆ తగువులతో ఏం పని? ఒక మిషన్‌లో క్రమశిక్షణ కింద వెలివేస్తే పక్క ఊరి మిషన్‌లో చేరిపోయే వీలు మాత్రం దొరికింది. 1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది కూర్చున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ప్రొటెస్టెంటు మిషనరీలు ఇండియాలో మొదట అడుగుపెట్టిన ఊరు అది, 1706లో. అజరయ్య గారు ఆ సమావేశానికి ఆయువుపట్టు. మనం ఒకటి కావాలని అక్కడ ప్రకటన చేశారు. 1927లో స్విట్జర్లాండులోని లోజాన్ మహాసభలో ఆయన, ఈ చీలికలు మీ దేశాల్లో బలహీనత అయితే కావచ్చు, మా దేశంలో మాత్రం పాపం అని తేల్చి చెప్పారు.

చర్చలు 28 ఏళ్ళు నడిచాయి. ఇంజనీరుగా నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. చిక్కుముడి అంతా బిషప్పుల దగ్గర. ఆంగ్లికన్ల లెక్కలో బిషప్ చేతులుంచి అభిషేకించినవాడే గురువు. మిగతావాళ్ళకు బిషప్పులే లేరు. ఒకటి కావాలంటే వాళ్ళ గురువులందరికీ మళ్ళీ అభిషేకం చేయాలని ఆంగ్లికన్లలో కొందరి పట్టు. మళ్ళీ చేయించుకుంటే, ఇన్నాళ్ళూ మేం చేసింది గురుత్వం కాదని ఒప్పుకున్నట్టే కదా అని వాళ్ళ బాధ. చివరికి కుదిరిన ఒప్పందం ఇది. ఇకమీదట అందరూ బిషప్పులను ఒప్పుకుంటారు, కొత్తవాళ్ళందరికీ అభిషేకం బిషప్ చేతి మీదుగానే. ఇప్పుడున్న గురువులందరినీ మాత్రం, ఎవరి అభిషేకం ఏదైనా, ఉన్నవాళ్ళను ఉన్నట్టే తీసుకుంటారు. ఇలా రెండు రకాలూ పక్కపక్కన నడవడానికి 30 ఏళ్ళ గడువు పెట్టుకున్నారు. ఏ సంఘం మీదా దానికి మనస్కరించని గురువును రుద్దమని మాట ఇచ్చుకున్నారు.

పాత గోడకు కొత్త గోడ కలిపే మేస్త్రీలను చూసినవాళ్ళకు ఇది తెలుస్తుంది. పాత గోడను కూలగొట్టరు. అంచున ఇటుకలు ఒకటి విడిచి ఒకటి తీసి, కొత్త వరసలు అందులోకి దూర్చి కడతారు. కలవడానికి ముందు నువ్వు తప్పని ఒప్పుకో అన్న షరతును వాళ్ళు తీసేశారు. అది తీసేయడానికే 28 ఏళ్ళు పట్టింది.

అజరయ్య గారు ఆ రోజు చూడలేదు. 1945 జనవరి 1న, కొద్ది రోజుల జబ్బు తర్వాత, డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆ నెలలోనే ఆంగ్లికన్ సర్వసభ ఐక్యతకు ఒప్పుకుంది. 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం, మనం సి.ఎస్.ఐ. అనే సంఘం, 14 డయాసిస్‌లతో మొదలైంది. మెదక్ మెథడిస్టులూ డోర్నకల్ ఆంగ్లికన్లూ ఆ రోజు నుంచి ఒక్కటి. విచిత్రం ఏమిటంటే, అజరయ్య గారి సొంత డయాసిస్‌లోనే నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది అప్పుడు చేరలేదు. వాళ్ళు రావడానికి ఇంకో పాతికేళ్ళ పైనే పట్టింది.

వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివేటప్పుడు డోర్నకల్ జంక్షన్లో రైలు మారాల్సి వచ్చేది. ఒకసారి రెండు గంటల వ్యవధి దొరికితే ఆయన కట్టించిన కెథెడ్రల్ దాకా నడిచి వెళ్ళాను. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన మందిరం అది. లోపలి స్తంభాలు గుడి మంటపాన్ని, పైన గుమ్మటాలు మసీదును గుర్తుచేస్తాయి. కట్టడాల గురించి పాఠాలు వింటున్న రోజులు కాబట్టి స్తంభాల మధ్య దూరాలు అడుగులతో కొలుచుకుంటూ తిరిగాను. అక్కడ గోడ మీద ఫోటో చూసి మన భోజనాల గది మనిషి ఈయనేనని అప్పుడు తెలుసుకున్నాను.

చివర చెబుతానన్న సంగతి. మన బడి లైబ్రరీ గది కట్టినప్పుడు ఎస్టిమేట్ నాది, డబ్బు వ్యవహారం నా బెంచీమేటుది. సిమెంటు బస్తాల లెక్క దగ్గర నాకు అనుమానం వచ్చింది. వాణ్ణి పక్కకు పిలిచి అడగలేదు. నలుగురి దగ్గరా అన్నాను, తర్వాత జనరల్ బాడీ మీటింగులో, వాడు లేనప్పుడు, అన్నాను. ఆ మీటింగులో ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆడిట్‌లో రూపాయి తేడా రాలేదు. పొరపాటు నా కొలతల్లోనే ఉంది. వాడు ముందు ఫోన్ చేస్తే చెబుదామనుకుంటూ 11 ఏళ్ళు గడిపాను. వాడి అమ్మాయి పెళ్ళికి కూడా వెళ్ళలేదు.

ఈ వ్యాసం సగం రాశాక ముందుకు సాగలేదు. ఒక ఆదివారం వాడింటికి వెళ్ళాను. తలుపు వాడే తీశాడు. ఏం మాట్లాడుకున్నామో ఇక్కడ రాయను. వాడు చదివి సరేనన్నాకే ఈ రెండు పేరాలూ కమిటీకి పంపుతున్నాను. చెల్లెమ్మ భోజనం చేసి వెళ్ళమంటే కూర్చున్నాం. లైబ్రరీ శ్లాబు ఈశాన్యం మూల కారుతోందట, వానలు పడకముందే చేయించాలట. వచ్చే నెల మొదటి శనివారం ఇద్దరం వెళ్ళి చూడబోతున్నాం. ఎస్టిమేట్ నేను వేస్తాను, లెక్కలు వాడు చూస్తాడు.